పన్నెండో మెట్టు దగ్గర పావు అంగుళం

గిటారు ముందు పెట్టి ఇందులో ఏది కష్టమైన పని అని అడిగితే అందరూ పొట్టనే చూపిస్తారు. గుండ్రటి నడుము, మధ్యలో కన్నం, మెరిసే పాలిష్, కళ్ళు అక్కడికే పోతాయి. మెడని ఎవరూ చూడరు, పట్టుకుంటారంతే. మొదట్లో కొన్నాళ్ళు పాలిష్ పట్టాను గానీ, ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చేసింది ఆ మెడలే.

ఈ మధ్య మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు ఆదివారాలు ఇంటికి వస్తున్నారు. తెలుగు పిల్లలే. నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు హిందీలో జవాబిస్తారు. "ఆంటీ, నెక్ కా కామ్ సిఖాయియే" అంటారు, మెడ పని నేర్పమని. నేర్పబోతే సగం విని, మిగతా సగం ఫోనులో చూసుకుంటామంటారు. అందుకే రాసి పెడుతున్నాను. తెలుగు చదవడం రానివాళ్ళు మీ అమ్మల చేత చదివించుకోండి, వాళ్ళకీ కాస్త పొద్దుపోతుంది.

ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానంలో శాలువా ఏ రంగు, ఇలాంటివి ఇందులో ఉండవు. అవి గుర్తు చేసుకోవాలంటే నాకే ఆవలింతలు వస్తాయి.

కర్ర ఎందుకు విరగదు

మా నాన్న టాటానగర్‌లో రైలు పెట్టెలు బాగుచేసే వడ్రంగి. మాది శ్రీకాకుళం వైపు. ఆ ఊళ్ళోనే గోల్‌మురిలో గిటార్లు చేసే చోట నన్ను పాలిష్ పనికి పెట్టింది ఆయనే. "కూకుని సేసే పని, ఆడపిల్లకి మంచిది" అన్నాడు. కూర్చుని చేసే పనే గానీ నా బుర్ర కూర్చోలేదు.

ఆరు తీగలూ బిగించాక అవన్నీ కలిసి లాగే బలం ఎదిగిన మనిషి బరువంత ఉంటుంది. అంత బరువు పగలూ రాత్రీ లాగుతుంటే ఇంత సన్నటి కర్ర ఎందుకు విరగదు? పాలిష్ గుడ్డ పట్టుకుని ఇదే ఆలోచించేదాన్ని. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. "విరగదు, అంతే" అనేవారు. ఆ 'అంతే' అన్న మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

జవాబు నారలో ఉంది. మెడకి మేం ఎక్కువగా వాడేది గమ్హార్, మనవాళ్ళు గుమ్మడి టేకు అంటారు. తేలికగా ఉంటుంది, ఉలి మాట వింటుంది. పలకలుగా కోయించి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం షెడ్డులో నిలబెట్టాలి. ఈ ఊరి వానకి ఉబ్బి, ఈ ఊరి ఎండకి ముడుచుకుని, అప్పటికీ వంకర పోని పలకనే మెడకి తీసుకోవాలి. వంకర పోయినదాన్ని పారేయకండి, స్టూళ్ళకి పనికొస్తుంది.

నార మెడ పొడవునా తెగకుండా పారాలి. తల దగ్గర మెడ కాస్త వెనక్కి వాలుతుంది కదా, ఆ వంపుని ఒకే ముక్కలో కోస్తే అక్కడ నార తెగిపోతుంది. గిటారు ఒక్కసారి మంచం మీంచి పడితే చాలు, తల ఊడి చేతికొస్తుంది. అందుకని పలకని ఏటవాలుగా కోసి, కోసిన ముక్కని తిరగేసి మళ్ళీ అతికిస్తాం. కోసి అతికించింది ఏకముక్క కంటే గట్టిగా ఉంటుందని తెలిసిన రోజు నాకు భలే సంబరమేసింది. ఇంటికి వెళ్ళి అమ్మకి వంకాయ కోసి మరీ చూపించాను. ఆవిడ పూర్తిగా వినకుండానే ఆ వంకాయని కూరలో వేసేసింది.

ఇంకో వింత, మెడ పూర్తిగా తిన్నగా ఉండకూడదు. మధ్యలో పిసరంత లోతు ఉండాలి, లేకపోతే తీగ ఊగినప్పుడు మెట్లకి కొట్టుకుని బరబరమంటుంది. మెట్లు అంటే ఫ్రెట్లు, మా బల్ల దగ్గర అలాగే అంటాం. మెడ వీపు చెక్కేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకోండి. ఎడమ చెయ్యి మెడ మీద పైకీ కిందకీ జారుతుంటే ఎక్కడ ఎత్తుగా ఉందో బొటనవేలే చెబుతుంది. ఇది ఫోనులో చూస్తే రాదు, నా మాట నమ్మండి.

రొజారియో సాబ్, ఇనప కడ్డీ

యజమాని రొజారియో సాబ్. ఆయన చెవి గొప్పది. పక్క గదిలో మేం తీగ బిగిస్తుంటే గోడకి అవతల నుంచే "జ్యాదా హో గయా" అని అరిచేవారు, ఎక్కువైందని. వెళ్ళి చూస్తే నిజంగానే ఎక్కువయ్యేది. కానీ ఆయన నోరు చెవి కంటే ముందు పరిగెత్తేది. ముందు తీర్పు చెప్పేసి ఆ తర్వాత విచారణ చేసే మనిషి.

మెడ లోపల సన్నటి ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది. మెడ వంగితే దాన్ని తిప్పి సరిచేస్తాం. ఒకసారి సాబ్‌కి ఆ కడ్డీ లావుగా ఉంటే ఇంకా బాగుంటుందని తోచింది. ఉక్కు ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఉండే జబ్బే ఇది, ఏ రోగానికైనా మందు ఇనుమే. లావు కడ్డీలు వేశాం. మెడలు వంగలేదు నిజమే, కానీ వాయించేవాడు చెయ్యి వదిలితే గిటారు తల నేల చూసేది. ఒక కుర్రాడు వెనక్కి తెచ్చి, "అంకుల్, యే గిటార్ హై యా బచ్చా? గోద్ సే ఉతర్తా హీ నహీఁ" అన్నాడు, చంటిపిల్లలా ఒళ్ళోంచి దించనివ్వడం లేదని. సాబ్ పకపకా నవ్వి సన్న కడ్డీకే వచ్చేశారు. ఇనుము మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. తర్వాత సోమా అనే పనివాడి ఉద్యోగం మీదికి తెచ్చింది ఆ నమ్మకమే.

ఇద్దరు పనివాళ్ళు

నాకు మెడ పని నేర్పింది అప్పలస్వామి మావయ్య. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్న ఊరివాడు కాబట్టి మావయ్య. అంతకుముందు ఆయన ఒక ఫౌండ్రీలో పాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఫౌండ్రీలో ఏ ఇనప భాగం పోత పోయాలన్నా ముందు దాని ఆకారాన్ని చెక్కతో చేయాలి. దాన్ని ఇసకలో అద్ది, పడిన గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఆ చెక్క ఆకారాలు చేస్తూ బతుకంతా గడిపిన మనిషి. చేతికి చిత్రిక ఇచ్చి, "నువ్వు తొయ్యకమ్మీ, అదే ఎల్తాది, నువ్వు ఎనక నడు" అనేవాడు. నా బుర్రలో ప్రశ్నలకి 'అంతే' అనకుండా జవాబిచ్చిన మొదటి మనిషి ఆయన. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

గిటారు పొట్ట చేసేది సోమా. ఖర్కాయి నది అవతల పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మెడ పొట్టకి అతికాక, తీగలు కట్టే బ్రిడ్జిని పొట్ట మీద సరైన చోట అతికించడం కూడా అతని పనే. మాట తక్కువ. వేరే వడ్రంగం చేయగలడు గానీ, అతనికి ఇష్టమైన పని ఇదొక్కటే. పొట్ట పలకని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో కొట్టి నవ్వుకునేవాడు. ఊళ్ళో గిటార్లు చేసే చోటు ఇంకోటి లేదు. ఇక్కడ పోతే అతనికి ఆ పని లేనట్టే.

టీచరమ్మ గిటారు

గోవింద్‌పూర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. బడిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది. చేతులు చిన్నవి, మామూలు గిటారు మెడ మీద వేళ్ళు అందవు. "నా చేతికి తగ్గట్టు పొట్టిది చేసిపెట్టండి" అంది. తీగ పొడవు ఇరవై నాలుగు అంగుళాలని సాబ్ నిర్ణయించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మెట్లు ఎక్కడ పడాలన్నది ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు. తీగ మొత్తం పొడవులో సరిగ్గా సగం దగ్గర పన్నెండో మెట్టు రావాలి. అక్కడ తీగ నొక్కితే అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. మిగతా మెట్లు ఒక లెక్క ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి దగ్గరవుతూ వస్తాయి. రోజూ ఆ లెక్క ఎవరు కడతారు? మామూలు గిటార్లకి మా దగ్గర ఒక ఫర్మా ఉండేది, గాట్లు కోసిన పొడవాటి ఇత్తడి బద్ద. దాన్ని పలక మీద పెట్టి గీతలు గీసుకోవడమే. కానీ ఈ పొట్టి గిటారుకి ఫర్మా లేదు. మావయ్య తన పెట్టెలోంచి ఉక్కు స్కేలు తీసి, మెడ మీద అతికించే నల్లటి శీశం కర్ర పలక మీద ఒక్కో మెట్టూ కొలిచి గీశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. సూదిమొన లాంటి గీతలు, ఒక్కటి కూడా రెండోసారి గీయలేదు.

మెడ అయింది, పొట్టకి అతికించాం. సోమా బ్రిడ్జి పెట్టాడు. టీచరమ్మ వచ్చి ఒళ్ళో పెట్టుకుని వాయించింది. కింది మెట్ల దగ్గర మొహం వెలిగింది. చెయ్యి పొట్ట వైపు జరిగేకొద్దీ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఊపర్ జాకే బేసురా హో రహా హై," అంది మెల్లగా, పైకి వెళ్ళేసరికి శ్రుతి పోతోందని.

ఫోనులో శ్రుతి చూసుకునే రోజులు కావవి. ఆ అవసరమూ లేదు. సాబ్ మొహం చూస్తేనే తెలిసింది. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటారు. స్వరం పైకి పోయింది, పాడైన పిప్పిపన్ను మీద చన్నీళ్ళు పడ్డట్టు నా దవడ జివ్వుమంది.

సాబ్ మావయ్య చేతిలోంచి ఆ ఉక్కు స్కేలు అందుకుని కొలిచారు. తల దగ్గర తీగలు ఆనే ఎముక ముక్క నుంచి పన్నెండో మెట్టుకి సరిగ్గా పన్నెండు అంగుళాలు. అక్కడి నుంచి బ్రిడ్జికి పదకొండున్నర.

"సోమా, ఆధా ఇంచ్ కహాఁ గయా?" అన్నారు, అర అంగుళం ఎటు పోయిందని.

సోమా జేబులోంచి టేపు తీసి ఈ చివర నుంచి ఆ చివరకి పరిచాడు. "పూరా చౌబీస్ హై, సాబ్." మొత్తం ఇరవై నాలుగు ఉందని.

సాబ్ ఆ టేపు కొక్కెం పట్టుకుని ఊపారు. అది టకటకమంది. "యే టేప్ హై యా ఝున్‌ఝునా?" అన్నారు, టేపా గిలక్కాయా అని.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కొక్కెం ఎంత వదులైనా అర అంగుళం తేడా రాదు కదా సాబ్ అన్నాను. నీ పని నువ్వు చూసుకో అన్నారు. మావయ్య ఇబ్బందిగా తల గోక్కుని, "లడ్కా అచ్ఛా హై, సాబ్. లేకిన్ స్కేల్ తో ఝూట్ నహీఁ బోల్తా" అన్నాడు. కుర్రాడు మంచివాడే కానీ స్కేలు అబద్ధం చెప్పదు కదా అని. ఆ మాటతో అయిపోయింది. టీచరమ్మ ముందు పరువు పోయిందన్న ఉక్రోషంలో ఉన్నారు సాబ్. "కల్ సే మత్ ఆనా" అన్నారు. రేపటి నుంచి రావద్దు.

సోమా ఉలులు గోనెగుడ్డలో చుట్టుకుని సైకిల్ వెనక కట్టుకున్నాడు. టేపుని మాత్రం ఒకసారి లాగి, వదిలి, మళ్ళీ లాగి చూసుకుంటూ గేటు దాటాడు.

కాగితం ముక్క

నన్ను తొలిచిన ప్రశ్న ఇది. సోమా అంతకుముందు అన్ని గిటార్లకీ అదే టేపుతో బ్రిడ్జి పెట్టాడు. టేపు తప్పైతే అవన్నీ తప్పు పలకాలి. ఒక్కటీ పలకలేదు. ఇదొక్కటే ఎందుకు పలికింది?

వారం రోజులు ఆ గిటారు ర్యాక్ మీదే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా దానివైపు చూసేదాన్ని. ఆఖరికి ఒక మధ్యాహ్నం మావయ్య టీకి వెళ్ళినప్పుడు పొడవాటి కాగితం ముక్క తీసుకున్నాను. కాగితానికి అంకెలు ఉండవు, కాబట్టి ఎవరి పక్షమూ ఉండదు. ఎముక నుంచి పన్నెండో మెట్టు వరకూ పెట్టి మడిచాను. అదే మడతని మెట్టు నుంచి బ్రిడ్జికి పెడితే బ్రిడ్జి దాటి బయటికి వచ్చింది. అంటే తప్పు ఉన్న మాట నిజమే. ఎవరిదన్నది తేలలేదు. మడిచిన ముక్కని మావయ్య స్కేలు మీద పెట్టాను. పన్నెండు. సాబ్ బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ స్కేలు మీద పెట్టాను. పన్నెండుంపావు.

ప్లాస్టిక్ స్కేలుని ఎవరు నమ్ముతారు? ఎండకి అప్పడంలా లేచి ఉంది. కాగితం జాకెట్లో దోపుకుని గోల్‌మురి బజారులో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. ఉక్కు స్కేళ్ళు చూపించమన్నాను. ఒకటి పెట్టాను, పన్నెండుంపావు. ఇంకో కంపెనీది, పన్నెండుంపావు. అడుగు స్కేలు, రెండడుగుల స్కేలు, వడ్రంగుల మడత స్కేలు, అన్నీ దించించాను. కొట్టువాడు నడుం మీద చేతులేసుకుని, "దీదీ, ఖరీద్నా హై యా ఇమ్తిహాన్ లేనా హై?" అన్నాడు. కొంటావా, పరీక్ష పెడతావా అని. ఒకటి కొన్నాను.

కొట్టు మెట్లు దిగుతుంటే ముందు ఎగిరి గంతేయాలనిపించింది, దొరికిందని. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. ఊళ్ళో స్కేళ్ళన్నీ ఒకవైపు, మావయ్య స్కేలు ఒక్కటీ ఒకవైపు. ఆయనకి ఇది ఎలా చెప్పడం?

పిల్లలూ, ఈ ఒక్క ముక్కా వినండి. మీకు బాగా నమ్మకం ఉన్న పనిముట్టునే ముందు అనుమానించండి. నమ్మకం లేనిదాన్ని ఎలాగూ రెండుసార్లు చూసుకుంటారు.

రెండు స్కేళ్ళు

సాయంత్రం మావయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని మనవరాలి గొడుగు బాగుచేస్తున్నాడు. ఆయన పనిముట్ల పెట్టె పక్కనే ఉంది.

"ఏటమ్మీ, ఈ ఏళప్పుడొచ్చేవు?"

"మావయ్యా, నీ స్కేలు ఓపాలి తియ్యి. దీని పక్కన పెట్టి సూడు."

నా కొత్త స్కేలు చేతిలో పెట్టాను. ఆయన రెండూ ఒళ్ళో పెట్టుకుని సున్నాకి సున్నా కలిపాడు. వేలు అంకెల మీదుగా జరిగింది. ఒకటి దగ్గర వెంట్రుకంత తేడా. ఆరు దగ్గర ఆయన వేలు ఆగింది. పన్నెండు దగ్గర పావు అంగుళం.

రెండు స్కేళ్ళనీ విడదీసి మళ్ళీ కలిపి చూశాడు. తర్వాత స్కేలు చివర బొటనవేలితో రుద్దాడు. అక్కడ ఏదో చెక్కిన ఆనవాలు ఉంది, చేతి రాపిడికి అరిగిపోయి అక్షరాలు కనపడడం లేదు.

"ఓలమ్మ," అన్నాడు మెల్లగా. "ఇది కాంట్రాక్షన్ స్కేలు గదేటి."

"అంటే ఏటి మావయ్యా?"

"కరిగిన ఉక్కు సల్లారితే ముడుసుకుంటాదమ్మీ. అడుగుకి పావంగుళం. మరి పాటర్న్‌ని ఆపాటి పెద్దది సెయ్యాల గదా. పెతీదానికీ లెక్క కట్టుకుంటా కూకుంటే పనవ్వదని స్కేలునే సాగదీసి గీసీసినారు. దీని మీద పన్నెండంటే ఊళ్ళో పన్నెండుంపావు. మా సాపులో అందరికీ ఇదే. సెక్క మీద గీత గియ్యాలంటే నా సెయ్యి దీని మీదకే ఎల్లిపోద్ది."

"మరి ఇన్నాళ్ళూ ఏటీ అవనేదేటి?"

"ఇన్నాళ్ళూ ఫర్మా ఉంది. పొడుగు నాను కొలిసిందెప్పుడు? మెడ ఎడల్పు రెండంగుళాలుండదు, దాన్లో ఎంత తేడా వత్తాది, ఎవుడికి తెల్సుద్ది."

నేను కాస్త నవ్వించాలని, "గిటారు ఎంత సల్లారినా ముడుసుకోదు మావయ్యా" అన్నాను. ఆయన నవ్వలేదు.

నాకు మాత్రం ఆ మాటలు వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. చల్లారాక ముడుచుకోబోయే లోహం కోసం ముందే సాగదీసి గీసిన అంకెలు. అది అబద్ధం చెప్పే స్కేలు కాదు, ఇంకో లోకానికి నిజం చెప్పే స్కేలు. దాంతో మెట్లు గీసి, మామూలు టేపుతో బ్రిడ్జి పెడితే రెండూ ఎలా కలుస్తాయి? మావయ్యా సోమా ఇద్దరూ తమ చేతిలో ఉన్నదానికి ఒక్క గీత కూడా తప్పలేదు.

"సోమా ఎల్లి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు మావయ్య.

"వారం."

గొడుగు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమని కూడా అనలేదు.

ఎవరికి ఏ మాట

మర్నాడు పొద్దున్నే మావయ్య రెండు స్కేళ్ళూ సాబ్ బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాడు. సాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, పెద్దగా నవ్వి, మావయ్య భుజం తట్టారు. "అరే చాచా, హో జాతా హై. ఛోడియే." అవుతుంటాయి, వదిలేయండి అని. సోమాని పిలుచుకు రమ్మని నన్ను పంపారు.

నది దాటి అడుక్కుంటూ వెళ్ళేసరికి సోమా వాకిట్లో ఎవరిదో మంచం కోడు చెక్కుతున్నాడు. విన్నాక ఉలి కింద పెట్టాడు. ఈ వారం రోజులూ తలుపు, కిటికీ, మంచం, కనపడిందల్లా ఆ టేపుతో కొలిచానన్నాడు. "ముఝే లగా మేరీ ఆఁఖ్ హీ ఖరాబ్ హై, దీదీ." నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను అక్కా అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పనివాణ్ణి పని మానిపించడం ఒక ఎత్తు, తన చేతి మీద తనకే అనుమానం పుట్టించడం ఇంకో ఎత్తు. రెండోది పెద్ద పాపం.

అతన్ని వెంటబెట్టుకుని వచ్చాను. సాబ్ ఎదురొచ్చి, "జావ్ సోమా, కామ్ పే లగ్ జావ్. చాచా సే జరా సీ భూల్ హో గయీ, బుజుర్గ్ హై" అన్నారు, పెద్దాయన వల్ల చిన్న పొరపాటు జరిగింది, పో, పనిలో పడు అని. సోమా తలూపి తన బల్ల వైపు నడిచాడు. అక్కడితో అయిపోయిందనే అందరం అనుకున్నాం.

మావయ్య తన బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు.

"సాబ్, సోమా కో క్యా బోలా థా ఆప్?" అన్నాడు, సోమాతో ఏమన్నారని.

సాబ్ తడబడ్డారు. "బోలా థా... కల్ సే మత్ ఆనా."

"ఔర్ ముఝే?" మరి నాతో అని.

రేపటి నుంచి రావద్దన్నది ఒకరికి, అవుతుంటాయన్నది ఇంకొకరికి. తప్పు లేనివాడికి మొదటిది, తప్పు చేసినవాడికి రెండోది. గదిలో అందరికీ అర్థమైంది, సోమాకి అందరికంటే ముందు.

మావయ్య పెట్టె సర్దుకున్నాడు. సోమా ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడో నేనూ అన్నాళ్ళూ కూర్చుంటాను, జీతం వద్దు అని హిందీలో చెప్పాడు. సాబ్ చెయ్యి పట్టుకుని ఆపబోయారు. సోమా కూడా, "చాచా, రహ్నే దీజియే" అన్నాడు, వదిలేయమని. "తేరే లియే నహీఁ రే," అన్నాడు మావయ్య, నీ కోసం కాదురా అని. గుమ్మం దగ్గర నా వైపు తిరిగాడు.

"మెడకేటీ అవనేదు, వరాలు. మీద పలక ఒకటే తప్పు. ఊడదీసి కొత్త పలక నువ్వు గియ్యి. నీ స్కేలుతో గియ్యి."

నేను చాలామంది యజమానుల్ని చూశాను. ఒకే తప్పుకి మనిషిని బట్టి మాట మారడం అన్నిచోట్లా ఉంది. ఎవరైనా లేచి నిలబడి అడగడం మాత్రం అక్కడే విన్నాను. సాబ్‌ని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఆ తర్వాత ఆయన ఎవరినైనా కోప్పడబోతే ముందు కొలత అడిగేవారు, రెండు స్కేళ్ళతో.

కొత్త పలక

అతికించిన పలకని ఊడదీయడమంటే చాలామంది భయపడతారు. ఇస్త్రీ పెట్టె వేడి చేసి పలక మీద ఆనించాలి. జిగురు మెత్తబడ్డాక సన్నటి కత్తి దూర్చాలి. తొయ్యకూడదు, ఎంత దారిస్తే అంతే వెళ్ళాలి. పూటంతా పట్టింది. నల్ల పలక లేచొచ్చాక కింద మావయ్య చేసిన మెడ బయటపడింది, ఎక్కడా చిన్న గాయం కూడా లేదు. దాన్ని చూస్తే నాకు గర్వమేసింది.

కొత్త శీశం పలక మీద మెట్లు గీయడం నా మొదటి ఒంటరి పని. నేను గీసిన ప్రతి గీతనీ సోమా తన టేపుతో చూశాడు. అతను చూసినదాన్ని నేను కాగితంతో చూశాను. ఒకరినొకరు అనుమానిస్తూ ఇంత హాయిగా ఎప్పుడూ పనిచేయలేదు. పాత కొలతతో మెడ అతికించాం కాబట్టి, పొట్ట అంచు దగ్గరే ఉండాల్సిన పన్నెండో మెట్టు దానికి పావు అంగుళం ఇవతలే పడింది. వాయించేవాళ్ళకి తెలియదు, మాకు తెలుసు. బ్రిడ్జి ఉన్నచోటే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

తీగలు బిగించాం. పన్నెండో మెట్టు మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటితే ఒక స్వరం, గట్టిగా నొక్కి మీటితే ఒక స్వరం. రెండూ ఒకటే అయ్యాయి. గోడ అవతల నుంచి సాబ్ ఏమీ అనలేదు. అనలేదంటే సరిపోయిందని అర్థం. టీచరమ్మకి కబురు పెడతానంటే సోమా వద్దన్నాడు. "పహ్లే చాచా" అన్నాడు. ముందు మావయ్య వినాలి.

గిటారుని పాత దుప్పట్లో చుట్టి, సోమా సైకిల్ నడిపిస్తుంటే నేను పక్కన పట్టుకుని, ఇద్దరం మావయ్య ఇంటికి వెళ్ళాం. ఆయన చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. పాట వాయించడం ఆయనకి రాదు. పన్నెండో మెట్టు దగ్గర తాకి మీటాడు, నొక్కి మీటాడు. అలా ఆరు తీగలూ మీటాడు. తర్వాత కళ్ళు మూసుకుని మెడ వీపు మీద బొటనవేలు జార్చాడు. తెరిచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"బహుత్ ఠీక్," అన్నాడు సోమాతో, సరిగ్గా ఉందని. నా నెత్తి మీద చెయ్యి వేశాడు.

"తో చలియే చాచా, కల్ సే," అన్నాడు సోమా, రేపటి నుంచి వచ్చేయమని.

మావయ్య గిటారుని జాగ్రత్తగా దుప్పట్లో చుట్టి అతని చేతికిచ్చాడు.

"నా రోజులు ఇంకా అవ్వనేదమ్మీ, ఆడికి సెప్పు. ఇంకా రేపుంది."

నేను హిందీలో చెప్పబోతే సోమా అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. బతిమాలలేదు. గిటారుని సైకిల్ మీద పెట్టుకుని, వెళ్ళబోతూ ఆగాడు.

"పర్సోఁ, ఆఠ్ బజే," అన్నాడు. ఎల్లుండి, ఎనిమిదింటికి. "లేట్ మత్ కర్నా, చాచా." ఆలస్యం చేయొద్దని.

"అలాగేరా," అన్నాడు మావయ్య.